చెట్టు క్రింది అరగంట

(ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవత్సరోత్సవములలో మన పాఠశాలల కట్టడములను గూర్చియు, పరీక్షా ఫలితములను గూర్చియు పెద్దలు చాలా చెప్పియున్నారు. ఈ పూట మనము ఆ కట్టడములకు వెలుపలనున్న స్థలమును గూర్చి ఆలోచింతము. ప్రాథమిక తరగతుల పిల్లలను వారమునకొక అరగంట గది బయటికి తీసికొనిపోయి, అక్కడి చెట్టును, పిట్టను, పురుగును, మట్టిని చూపి నేర్పుట అవసరమా? అవసరమే. అది కాలక్షేపము కాదు, చదువే. అట్లని చెప్పుటకు కారణములు అనేకము గలవు గాని, వాటిలో ఒక్కదానిని ముఖ్యముగా మీ ముందుంచుచున్నాము.

మన గ్రామ పాఠశాలలలో చివరి వరుసలో కూర్చుండు పిల్లవానిని మనమందరము ఎరుగుదుము. సెలవు దినములలో మేకలను తోలుకొనిపోవును. వాచకము చదువుమనిన తడబడును. అయితే ఏ ఆకును మేక ఇష్టముగా తినునో, దేనిని మూతి చూచి విడిచిపెట్టునో వానికి తెలియును. తీతువు గూడు అల్లదనియు, బోడి నేలమీద గులకరాళ్ళ మధ్యనే గ్రుడ్లు పెట్టుననియు వాడెరుగును. ఆ పిట్ట అరచుచు మన తలపై తిరిగినచో గ్రుడ్లు దగ్గరలోనే ఉన్నవని గ్రహించి అడుగు చూచి వేయును. ఇంత తెలిసిన పిల్లవానిని మనము ప్రశ్నపత్రములో “ఐదు పక్షుల పేర్లు వ్రాయుము” అని అడుగుదుము. పాతిక పక్షులను కూతబట్టి గుర్తుపట్టువాడు ఐదు పేర్లు తప్పులు లేకుండ వ్రాయలేక సున్న తెచ్చుకొనును. క్రమముగా తనకేమియు తెలియదని తానే నమ్మును. పిల్లలు బడి మానుటకు పేదరికమొక్కటే కారణము కాదు. ఈ నమ్మకము కూడ ఒక కారణమే.

అదే పాఠమును చెట్టు క్రిందికి మార్చి చూడుడి. వరుసలు తారుమారగును. చివరివాడు ముందుకు వచ్చును. బాగుగా చదువు పిల్ల వానిని అడిగి తెలిసికొనును. వాడు చెప్పినదానిని ఆమె వ్రాయును. ఆమె వ్రాసినదానిని వాడు చదువ యత్నించును. తన నోటి మాటే గనుక ఆ అక్షరములు వానికి లొంగును. ఇద్దరును లాభపడుదురు.

పామరుల తెలివికి పండితులలో విలువ యేమని ఎవరైన అడుగవచ్చును. దీనికి మన రాయలసీమయే జవాబు చెప్పినది. కలివికోడి అను పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడనందున అది అంతరించినదని శాస్త్రజ్ఞులు చాలాకాలము తలంచిరి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు కడప ప్రాంతములో వెదకి, గ్రామస్థులను విచారించిరి. 1986 జనవరిలో దానిని రాత్రివేళ పట్టి తెచ్చినవాడు స్థానికుడైన ఒక వేటగాడు. లోకము లేదనుకొన్న పక్షి ఆ పొదలలో తిరిగినంతకాలము అక్కడివారి ఎరుకలోనే యుండెను. అడుగువారు లేకపోయిరి, అంతే. ఆ పక్షి నిమిత్తము 1988లో లంకమల అభయారణ్యము ఏర్పడినది. మన తరగతిలోని మేకల పిల్లవానిని మనము అడుగుచున్నామా?

చూచుట యనగా ఏమో తెలిసికొనుటకు ఇంకొక దృష్టాంతము. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930లో ఉద్యోగము లేక కొంకణ తీరమున కిహీం అను గ్రామములో నివసించెను. అక్కడ ఇంటి దగ్గర కట్టిన గిజిగాని గూళ్ళను నెలల తరబడి ఓపికతో పరిశీలించెను. మగపక్షి గూడును సగము అల్లిన తరువాత ఆడుపక్షి వచ్చి పరీక్షించుననియు, మెచ్చినచో మగపక్షి దానిని పూర్తిచేసి వేరొక గూడు మొదలుపెట్టుననియు ఆయన వెల్లడించెను. తరువాత 1931, 32లలో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసినవాడును ఆయనయే. మన గ్రామములలో బావిమీదికి వంగిన తాటిచెట్టున ఈ గూళ్ళు నేటికిని వ్రేలాడుచుండును. వానకాలములో పిల్లలను దూరముగా కూర్చుండబెట్టి, సగములో విడిచిన గూళ్ళెన్నో, పొడవైన గొట్టముతో పూర్తియైనవెన్నో లెక్కపెట్టించుడి. సగములోనే ఎందుకు విడిచెనని ఒక పిల్లవాడైన అడుగకపోడు. ఆ ప్రశ్న వచ్చిన దినమున పాఠము ఫలించినట్లే. జవాబును వెంటనే చెప్పివేయకుడి.

దీనికి బస్సు అక్కరలేదు, అడవి అక్కరలేదు. ప్రాంగణములోని ఒక్క వేపచెట్టు చాలును. జూన్ మాసములో బడి తెరచునప్పటికి క్రింద పండ్లు రాలియుండును. గోరువంకలు, కోయిలలు వాటికై వచ్చును. వానలకు ఆ గింజలే మొలకెత్తును. మాఘ ఫాల్గుణములలో ఆకు రాలును, వెంటనే రాగిరంగు చిగురు వచ్చును. ఉగాది పచ్చడికి పువ్వు సిద్ధమగును. ఒకే చెట్టును వారమువారము చూచిన పిల్లలకు సంవత్సరమంతయు ఒక పుస్తకమగును. దారముతో మాను చుట్టుకొలత తీయుట లెక్కల పాఠము; చూచినది రెండు వాక్యములుగా వ్రాయుట తెలుగు పాఠము. కాబట్టి సిలబస్ వెనుకబడునను భయము వలదు. నెలకొకసారి ఊరిలోని ఒక రైతునో, గొల్లవానినో, మందాకులు తెలిసిన అవ్వనో పిలిచి, కుర్చీవేసి కూర్చుండబెట్టి మాటలాడించుడి. తమ అవ్వకు బడిలో కుర్చీ వేసిరని పిల్లలు మరువరు.

పాముల భయమును గూర్చి తల్లిదండ్రులు అడుగుదురు. అది న్యాయమైన భయమే. ఉదయపు మొదటి పీరియడులో, ఊడ్చిన నేలమీద, ఇద్దరిద్దరుగా పిల్లలను నడిపింపవలెను. పుట్టలోను, రాళ్ళ సందులోను, ఆకుల కుప్పలోను చేయి పెట్టరాదు. తేనెపట్టు క్రింద నిలువరాదు. ఉరుము వినబడిన వెంటనే చెట్టు విడిచి గదిలోనికి పోవలెను. ఒకవేళ పాము కరచినచో కట్టు బిగించుట, గాటు పెట్టుట, పసరు పోయుట కూడదు. కరచిన కాలిని గాని చేతిని గాని కదలనీయక, విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. ఈ సంగతి బడిలో నేర్చిన పిల్లవాడు పొలములో తన తండ్రి ప్రాణమును కూడ కాపాడగలడు.

ఇది మనము క్రొత్తగా కనిపెట్టినది కాదు. పర్యావరణ విషయములను విద్యాలయములలో బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించినది. బడి చదువును బయటి జీవితముతో జతపరచవలెనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము చెప్పినది. 2020 జాతీయ విద్యావిధానము ఆరు నుండి ఎనిమిది తరగతులవారికి పుస్తకాల సంచి లేని పది దినములను సూచించినది. మంచిదే. అయితే ఆరవ తరగతివరకు మనము కనిపెట్టుకొనియున్నచో, చివరి వరుసవాడు అంతవరకు బడిలో ఉండునా? మూడవ తరగతిలోనే వానిని బయటికి పిలువవలెను.

ఇక ఒక్క మనవి. శతవత్సర జ్ఞాపకార్థము పలుచోట్ల క్రొత్త గదులు కట్టుటకును, ప్రాంగణములకు సిమెంటు వేయుటకును చందాలు పోగగుచున్నవి. గదులు కావలసినవే. కాని ప్లాను గీయుటకు ముందు కమిటీవారు ఆవరణలోని చెట్లను లెక్కించి, వాటిని తప్పించి గోడ వేయుదురుగాక. మాను చుట్టు నీరు దిగుటకు మట్టిని, ఒక తరగతి కూర్చుండుటకు నీడను విడిచిపెట్టుదురుగాక. గదిని ఒక సంవత్సరములో కట్టవచ్చును. తాతల నాటి వేపను ఒక సంవత్సరములో పెంచలేము. వచ్చే జూన్‌లో బడి తెరచిన మొదటి వారముననే మీరు ఒక చెట్టును ఎన్నుకొనుడి. మొదటి ప్రశ్నను చివరి వరుసవానిని అడుగుడి.