రెండు రేవులు

జపాను దేశమున మియె మండలములోని ఇసే క్షేత్రమునకు పోయియు, మేము ఆలయపు మెట్లు ఎక్కక తిరిగి వచ్చితిమి. అంత దూరము పోయి దర్శనము మానుకొనుట యేమని మిత్రులు నేటికిని అడుగుచుందురు. కారణము చెప్పవలెనన్న ముక్త్యాల రేవునుండి మొదలుపెట్టవలెను.

నాటి కృష్ణాజిల్లా మెట్టప్రాంతమున, జగ్గయ్యపేటకు దాపున, కృష్ణ ఒడ్డున ఉన్న ముక్త్యాల మా ఊరు. భవానీ ముక్తేశ్వరుని సేవింపవచ్చువారు ముందు రేవు దిగుదురు. గుడి ఆ తరువాతి మాట. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించునపుడు, పన్నెండేండ్లకు ఒకమారు, కృష్ణకు పుష్కరము వచ్చును. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన పుష్కరములో మా చేయి పట్టుకొని మునుగవలెనని మా అమ్మ కోరిక. మేమో, ఆ పన్నెండు దినములును విజయవాడ రేవులో నిలిచి, ఇతరుల స్నానములను శ్రోతలకు వర్ణించుచుంటిమి. అమ్మ ఇంటిలో కూర్చుండి రేడియోలో వినెనట. “నీళ్లు చల్లగా ఉన్నాయని బాగానే చెప్పాడు” అని నవ్వెనట. ఆ కార్తికముననే ఆమె కన్నుమూసెను.

మరుసటి వసంతమున ఉద్యోగకార్యముపై జపాను పోయితిమి. మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దమనిషి ఇసే చూపింతుననెను. తల్లి పోయిన యేడు నిండనిదే క్షేత్రములు త్రొక్కరాదని మన ఆచారము. ఆ మాట చెప్పగా ఆయన ఆశ్చర్యపడలేదు. షింటో మతమునను మరణము మైలయే. ఇంటిలో ఒకరు పోయినచో సాధారణముగా ఏబది దినములు ఆలయమునకు పోరట. “మీకు ఆ గడువు దాటినది గదా” అనెను. ఆ రాత్రి అక్కయ్యకు ఫోను చేసితిమి. “దేశం మారితే మైల మారుతుందేమిట్రా? వెళ్లు, చూడు. మెట్లు మాత్రం ఎక్కకు” అని తీర్పు చెప్పెను. ఇట్టి రాజీ ఏ ధర్మశాస్త్రమున ఉన్నదో గాని, మాకు నచ్చినది.

ఇసుజు నదిపై ఉజి వంతెన. దానికి ఇరుకొనలను మన తోరణములను తలపించు కొయ్యద్వారములు. అవి పాత ఆలయపు స్తంభములతో చేసినవి. సూర్యదేవి అమతెరసు కొలువున్న ఆలయమును ఇరువదేండ్లకు ఒకమారు ప్రక్కస్థలమున క్రొత్తకొయ్యతో, పూర్వమున్నట్లే, మరల కట్టుదురు. 690లో మొదలైన ఈ ఆచారము నడుమ యుద్ధములవలన చిరకాలము తెగినను, 2013లో అరువదిరెండవమారు నెరవేరెను. అక్కడ పురాతనమైనది కొయ్య కాదు, కట్టు పద్ధతి. పెద్ద వడ్రంగుల ప్రక్కన నిలిచి పిన్నలు ఆ పని నేర్తురు.

వంతెన దాటి కొంత నడచిన పిదప కుడివైపున నదిలోనికి దిగు రాతిరేవు. యాత్రికులు అచట చేతులు, నోరు కడుగుకొని లోనికి పోవుదురు. ముక్త్యాలలో పుట్టినవాడెవడైనను దారి అడుగకయే ఆ చోటు చేరును! మేమును కడుగుకొంటిమి. దోసిట నీరెత్తి అమ్మ పేరు తలపబోయి ఆగితిమి. అది వారి శుద్ధిజలము. మృతుల పేరు అచట తగునో తగదో! నోరు మెదపక నీటిని విడిచితిమి.

మెట్లక్రింద నిలిచి చూచితిమి. పైన ద్వారమునకు తెల్లని తెర. ఆవలికి సామాన్యులు పోరు. లోనున్న పవిత్రదర్పణము ఎవరి కంటను పడదు. జనులు రెండుమార్లు వంగి, రెండుమార్లు చప్పట్లు చరచి, మరియొకమారు వంగి మరలుచుండిరి. మిత్రుడు మా కొరకును మ్రొక్కి దిగివచ్చెను. ఏమి కోరితిరని మేము అడుగలేదు.

2017 కార్తికమున సంవత్సరీకము ముగించి, అక్కయ్యతో ముక్త్యాల రేవు దిగితిమి. ఎగువ పులిచింతలలో నీరు నిలిపియుండుటచే ఏరు మెట్లకు దూరముగా పారుచుండెను. రాళ్లమీద నడచి పోవలసి వచ్చెను. అక్కయ్య మా చేయి పట్టుకొని మూడు మునకలు వేసి, తల తుడుచుకొనుచు అడిగెను:

“జపానులో ఏరు ఎలా ఉందిరా?”

చల్లగా ఉన్నదని చెప్పి, తడిబట్టలతో గుడివైపు నడచితిమి.