ఆ ఉదయం కూడా సూర్యుడు వచ్చాడు

ఈ దినమున మన ధ్యానమునకు ఆధారమైన వాక్యభాగము 88వ కీర్తన. బైబిలు తెరచి దగ్గర ఉంచుకోండి. అయితే దానికి ముందు జర్మనీ దేశపు తండ్రి ఒకరిని గూర్చి చెప్పనివ్వండి.

ఆయన పేరు ఫ్రెడరిక్ రూకర్ట్. కవి, ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో ప్రాచ్య భాషల ఆచార్యుడు. మన నలదమయంతుల కథను జర్మను పద్యాల్లో వ్రాసి 1828లో అచ్చువేయించింది ఈయనే. 1833 డిసెంబరులో ఆ ఇంటి పిల్లలకు స్కార్లెట్ ఫీవర్ సోకింది. గొంతునొప్పి, తీవ్రమైన జ్వరం, ఒళ్ళంతా ఎర్రని దద్దుర్లు. ఈనాడు పెన్సిలిన్‌తో నయమయ్యే జబ్బే గాని, ఆనాటికి ఆ మందు లేదు. డిసెంబరు 31న మూడేళ్ళ లూయీజె కన్నుమూసింది. సరిగ్గా 16 రోజులకు, 1834 జనవరి 16న, ఐదేళ్ళ ఎర్నెస్ట్ కూడా వెళ్ళిపోయాడు.

ఆ తండ్రి ఆ బిడ్డలను గూర్చి 400కు పైగా పద్యాలు వ్రాశాడు. ఒకటి రెండు కాదు, 400! ఆ సంపుటిని తాను బ్రతికుండగా అచ్చుకివ్వలేదు. 1866లో ఆయన మరణించాక, 1872లో గాని అది వెలువడలేదు. తరువాత గుస్తావ్ మాలర్ అనే సంగీతకారుడు వాటిలో ఐదింటికి బాణీలు కట్టాడు. అందులో మొదటిదాని భావమేమిటంటే, రాత్రి ఈ ఇంట ఘోరం జరిగింది, తెల్లవారేసరికి సూర్యుడు మాత్రం ఏమీ జరగనట్టే వచ్చాడు.

వింటున్న మీలో కొందరికి ఆ ఉదయం తెలుసు. బిడ్డను సమాధుల తోటలో ఉంచి వచ్చిన మర్నాడు పాలవాడు వస్తాడు. వీధి మలుపులో స్కూలు ఆటో హారను మోగుతుంది. ఆ చిన్న చేతులు నీళ్ళు పోసిన మల్లెమొక్క ఆ ఏడు కూడా పూస్తుంది.

తండ్రి చెడ్డవారిమీదను మంచివారిమీదను సూర్యుని ఉదయింపజేయునని ప్రభువు కొండమీద బోధించారు. అది ఆయన దయ అని మనము ప్రసంగిస్తాము. నిజమే. కాని ఆ ఉదయాన ఆ తల్లి కంటికి అదే వెలుగు కఠినంగా కనబడుతుంది. ఆ రోజున ఆ వచనం ఆమెకు చదివి వినిపించకండి. "దేవుడు తన తోటకోసం ఈ పువ్వును కోసుకున్నాడు" అని సమాధి కార్యక్రమాల్లో అంటూ ఉంటారు. లేఖనములలో ఎక్కడా ఆ మాట నాకు కనబడలేదు. ఏ తల్లీ దానివలన ఆదరణ పొందగా నేను చూడలేదు.

ఇప్పుడు 88వ కీర్తన చూడండి. విలాప కీర్తనలు ఎక్కువగా చివరకు స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. పరిశుద్ధాత్మ దేవుడు దానికి మరో రెండు వచనాలు చేర్చి సరిచేయలేదు, అలాగే మన చేతికిచ్చాడు. అయితే హేమాను ఆ మాటలన్నీ గోడతో అనలేదు, దేవునితోనే అన్నాడు.

మత్తయి సువార్త 2వ అధ్యాయం కూడా గమనించండి. బేత్లెహేము పసిబిడ్డలు చంపబడినప్పుడు మత్తయి యిర్మీయా గ్రంథం నుండి రాహేలు రోదనను ఎత్తిచూపాడు. యిర్మీయాలో ఆ వెంటనే ఓదార్పు మాట ఉంది. మత్తయి దానిని ఎత్తుకోలేదు. ఓదార్పు పొందనొల్లని తల్లిని అక్కడ ఎవరూ గద్దించలేదు.

సూర్యుడు మామూలుగా ప్రకాశించని మధ్యాహ్నం ఒకటి ఉన్నది. కల్వరిలో మూడు గంటలసేపు దేశమంతటా చీకటి కమ్మింది. అక్కడ చనిపోతున్నది కుమారుడు. కాబట్టి బిడ్డను పోగొట్టుకున్న ఇంటిలో మన తండ్రి క్రొత్తవాడు కాడు. ఆ పసివారి ఉదయాలు ఎందుకు అలా చీకటి పడలేదో నేను మీకు చెప్పలేను. చెప్పగలనని నటించను.

మీ సంఘంలో అటువంటి ఇల్లు ఉంటే ఈ వారం వెళ్ళండి. ఏడాది గడిచినా, పదేళ్ళయినా వెళ్ళండి. బిడ్డను పేరు పెట్టి తలచుకోండి. చాలామంది ఆ పేరు ఎత్తడానికే భయపడతారు. తల్లిదండ్రులు దానికోసమే ఎదురుచూస్తుంటారు.

ప్రార్థించుదము. తండ్రీ, ఈ వేళ రేడియో దగ్గర కూర్చుండి మాతో కలిసి కండ్లు మూయలేని తల్లి ఉంటే, ఆమె మౌనమును ప్రార్థనగా ఆలకించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.