బొమ్మల కర్రను గట్ల మీద పెంచుదాం



కలప అనగానే మనకు టేకు గుర్తుకు వస్తుంది. ఆ తరువాత వేగిస, మద్ది, వేప. ఏ చెట్టును చూసినా ఇది దూలానికి పనికివస్తుందా, ద్వారబంధానికి పనికివస్తుందా, నాగలికో బండికో పనికివస్తుందా అని చూస్తాం. ఈ మూడింటికీ పనికిరాకపోతే ఇక అది పొయ్యిలోకే. అలా పొయ్యిలోకి పోతున్న కొన్ని చెట్లను గురించి ఈ పూట మీతో ముచ్చటిస్తాను. ఎందుకంటే ఆ కర్ర సకాలంలో దొరకక మన తెలుగునాట పేరుమోసిన చేతిపనులు కొన్ని ఇబ్బంది పడుతున్నాయి. ఒకచోట కర్ర లేక పనివాడు ఉలి పక్కన పెట్టి కూర్చుంటున్నాడు. మరొకచోట అదే కర్రను మనం వంటచెరకు చేస్తున్నాం. ఈ ఇద్దరికీ పొత్తు కుదిరితే ఇద్దరికీ మేలే గదా!

ముందుగా అంకుడు చెట్టు సంగతి చెప్పుకుందాం. మెట్ట పొలాల గట్ల మీద, గుట్టల వాలులో, చిట్టడవులలో ఈ చెట్టును మీరు చూసే ఉంటారు. ఆకు తుంచితే పాలు కారతాయి. వేసవిలో తెల్లని పూలగుత్తులు వస్తాయి. తరువాత సన్నగా, పొడవుగా జంట కాయలు వేలాడతాయి. జంటలోని రెండు కాయలూ కొనల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని ఉండటం దీని గుర్తు. కొడిసె పాలకు కూడా జంట కాయలే, కాని అవి కొనల దగ్గర అతుక్కోవు, విడివిడిగా వేలాడతాయి. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి.

అంకుడును కొన్ని ప్రాంతాలలో తెడ్లపాల అని కూడా అంటారు. తెడ్లు చేసే పాలచెట్టు అన్నమాట. ఈ కర్ర దేనికి పనికివస్తుందో మన పెద్దలు పేరులోనే చెప్పి పోయారు. కర్ర దంతంలాగా తెల్లగా ఉంటుంది. నార సన్నగా, ఒకే తీరుగా ఉంటుంది. కదురు మీద తిప్పి ఉలి ఆనిస్తే చీలకుండా నున్నగా తెగుతుంది. దూలానికి పనికిరాని ఈ కర్రే బొంగరానికి, కుంకుమ భరిణెకు, పిల్లల లక్కపిడతలకు అన్నిటికంటే మేలైనది.

అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామం పేరు ఈ కర్రతోనే దేశమంతా తెలిసింది. అక్కడ అంకుడు ముక్కను తిప్పుతూ, తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క పుల్లను ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాగా మెరుస్తుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులను ఈ పనిలో నిలబెట్టినందుకు ఆ ఊరి సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలకు కూడా మొదటినుంచి వాడుతున్నది ఈ చెట్టు కర్రే.

ఇక రెండవది పొణికి. తెల్లపొణికి అని కూడా అంటారు. రాళ్ళ గుట్టల మీద, ఎండిన అడవులలో పెరుగుతుంది. ఆకు వెడల్పుగా, తమలపాకు తీరుగా ఉండి, వెనుకవైపు తెల్లని నూగు ఉంటుంది. ఈ కర్ర బెండులాగా తేలిక. ఎంత మెత్తగా ఉంటుందంటే చిన్న ఉలితో, ఆకురాయితో ఎలా కావాలంటే అలా మలచవచ్చు. విజయవాడ చేరువనున్న కొండపల్లి బొమ్మలకు, తెలంగాణలోని నిర్మల్ బొమ్మలకు ఇదే ప్రాణం. కొండపల్లి పనివారు ముందుగా కర్రను సన్నని సెగ మీద కాచి తేమ తీస్తారు. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూత వేసి, ఆరిన తరువాత రంగులు దిద్దుతారు. దసరా పండుగకో, సంక్రాంతికో మన ఇళ్ళలో కొలువు దీరే అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీతకారుడు ఈ కర్రలోంచి వచ్చినవే.

మూడవది నెల్లూరు జిల్లా ఉదయగిరి పని. అక్కడి దుర్గం కొండల చుట్టూ దొరికే నర్ది, కల్ది, బిక్కి, పాలబరికి వంటి కర్రలతో చెంచాలు, గరిటెలు, ముళ్ళ చెంచాలు చేస్తారు. ఈ పనిలో ఆడవారి చేయి ఎక్కువ. బిక్కి కర్ర గట్టిగా, సన్నని నారతో ఉంటుంది గనుక దువ్వెనలకు కూడా బాగా అమరుతుంది. ఉదయగిరి చెంచాలకు కూడా భౌగోళిక గుర్తింపు ఉన్నది.

ఇవి కాక మన పెరట్లో, పొలంలో ఉన్న చెట్లే కొన్ని ఉన్నాయి. వేప కర్రతో దువ్వెనలు చేస్తారు. చింత చేవ సుత్తి కొయ్యలకు, పచ్చడి బండలకు గట్టిది. రేగు కర్ర పనిముట్ల పిడులకు మంచిది. రోకలికి చండ్ర సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పనస కర్రతో బొబ్బిలిలో వీణలు చేస్తారు. ఒక హెచ్చరిక మాత్రం మరచిపోవద్దు. అన్నం కలిపే గరిటెకు, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు ఊరూపేరూ తెలియని కర్రను వాడరాదు. ముఖ్యంగా గన్నేరు కర్ర విషం. దాన్ని పుల్లగా కూడా వంటకు తాకనీయవద్దు.

మరి కర్రకు కరువు ఎందుకు వచ్చింది? అంకుడు గాని, పొణికి గాని పొలంలో ఎవరూ వేయలేదు. తరతరాలుగా అడవి నుంచే వచ్చింది. అడవి పలచబడినకొద్దీ పనివారు దూరం పోవలసి వస్తున్నది. పైగా రక్షిత అడవిలో అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరం, అలా ఉండవలసినదే. కర్ర దొరకని పనివాడు కొడుక్కి పని నేర్పడు. ఒక తరం నేర్చుకోకపోతే ఆ పని మళ్ళీ పుట్టదు. కర్ర లేకపోతే పోయేది ఒక బొమ్మ కాదు, ఆ బొమ్మను చేయగల చేయి.

ఇక్కడే రైతు పాత్ర వస్తుంది. “అయ్యా, టేకు వేస్తేనే ముప్పై ఏళ్ళు ఆగాలి. ఈ పిచ్చి చెట్టు వేసి ఎన్నాళ్ళు కూర్చోమంటారు?” అని మీరడగవచ్చు. సరైన ప్రశ్నే. దూలానికి లావు మాను కావాలి. బొంగరానికి అంత అక్కరలేదు. మణికట్టు మందం కొమ్మ నుంచి తొడ మందం కొమ్మ వరకు కదురు పనికి అక్కరకు వస్తుంది. ఇంకొక మేలు కూడా ఉన్నది. అంకుడును పద్ధతిగా నరికితే మోడు నుంచి మళ్ళీ పిలకలు వేస్తుంది. ఒకసారి నాటిన చెట్టు మీకు పలుమార్లు కర్రనిస్తుంది.

లెక్క చూద్దాం. ఒక ఎకరం చదరంగా ఉన్నదనుకోండి. ఒక్కొక్క వైపు సుమారు 64 మీటర్లు. రెండు గట్ల మీద మాత్రమే 4 మీటర్లకు ఒక మొక్క చొప్పున వేస్తే 30 మొక్కలు పడతాయి. ఈ 30 చెట్లనూ ఆరు భాగాలు చేయండి. చెట్లు నరికే మందానికి వచ్చాక ఏటా ఒక్క భాగం, అంటే 5 చెట్లు మాత్రమే నరకండి. ఏడవ ఏట మొదటి భాగం దగ్గరికి తిరిగి వస్తారు. ఆ పిలకలు ఇంకా సన్నగా ఉంటే తొందరపడవద్దు. మీ నేల బలాన్ని బట్టి ఆరు భాగాలను ఎనిమిది చేసుకోండి. ఒక్కసారే అన్నీ కొడితే ఆ ఏడు కర్ర ఎక్కువై ధర పోతుంది, తరువాతి ఏళ్ళలో పనివాడికి కర్ర ఉండదు.

నాటే పద్ధతి కష్టమైనది కాదు. అంకుడు కాయలు చలికాలం నుంచి వేసవి మొదలు వరకు ముదిరి గోధుమరంగుకు తిరుగుతాయి. అవి పగలకముందే కోయాలి. పగిలితే లోపలి గింజలు దూదిపింజలతో సహా గాలికి ఎగిరిపోతాయి. కోసిన కాయలను నీడలో, పలచని గుడ్డ కప్పి ఆరబెట్టండి. పింజ తీసివేసి, ఎక్కువకాలం నిలవ ఉంచకుండా సంచులలో విత్తండి. వానలు బాగా పట్టిన తరువాత అడుగున్నర గుంటలో పెంటపోగు ఎరువు కలిపి నాటండి. ఎర్రనేలలు, గరపనేలలు దీనికి అనుకూలం. నీరు నిలిచే చోట వేయవద్దు. మేకలు, గొర్రెలు ఈ ఆకును తింటాయి గనుక మొదటి రెండేళ్ళు ముళ్ళకంప కట్టడం తప్పనిసరి. గట్టు ఉమ్మడిదైతే పొరుగు రైతుతో ముందే మాట్లాడుకోండి. నీడ గొడవ తరువాత రాకూడదు.

పొణికి విషయంలో కొంచెం ఓపిక కావాలి. దీని గింజ పెంకు గట్టిది, ఊరికే విత్తితే సరిగా మొలవదు. కాబట్టి అటవీశాఖ నర్సరీ వారిని అడిగి మొక్కలే తెచ్చుకోవడం మంచిది. పంట పండని రాతి దిబ్బ మీకు ఉంటే అది పొణికికి చోటు.

నరకడంలో నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, చెట్టు ఆకు రాల్చి నిద్రలో ఉన్నప్పుడు, కొత్త చిగురు రాకముందే నరకాలి. రెండు, నేలకు జానెడు ఎత్తు మోడు విడిచి, పదునైన రంపంతో ఏటవాలుగా కోయాలి. వాలుగా ఉంటే వాననీరు నిలవదు, మోడు కుళ్ళదు. బెరడు చీలకూడదు. మూడు, పిలకలు వచ్చాక బలమైనవి రెండో మూడో ఉంచి తక్కినవి తీసివేయాలి. నాలుగు, తెల్ల కర్ర తేమలో ఉంటే నీలిమచ్చ పడుతుంది. మచ్చ పడిన కర్రను పనివాడు తీసుకోడు. అందుచేత నరికిన వెంటనే పనివాడికి కబురు చేయండి. ఆలస్యమైతే బెరడు తీసి, కొసలకు పేడ పూసి, నేలకు తాకకుండా రాళ్ళ మీద నీడలో పేర్చండి. ఎండలో పడవేస్తే కొసలు పగులుతాయి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. సొంత పొలంలోని చెట్టయినా నరికే ముందు అనుమతి అవసరం కావచ్చు. 2002 నాటి వాల్టా చట్టం మన రెండు రాష్ట్రాలలోనూ చెట్లకు వర్తిస్తుంది. కర్రను ఊరు దాటించడానికి రవాణా పత్రం కూడా కావాలి. నాటినప్పుడే మొక్కల సంఖ్యను, సర్వే నంబరును కాగితం మీద రాయించి ఉంచుకుంటే, రేపు ఈ చెట్టు అడవిదా, పొలందా అన్న చిక్కు రాదు.

నాటే ముందు మరొక పని చేయండి. కొనేవాడిని చూసుకోండి. ఏటికొప్పాక వైపు వారికి అంకుడు, కొండపల్లి, నిర్మల్ వైపు వారికి పొణికి, ఉదయగిరి వైపు వారికి బిక్కి, నర్ది. దూరం ఎక్కువైతే కిరాయికే సొమ్ము చాలదు. ఇది పంటకు బదులు కాదు, గట్టు మీద అదనపు ఆదాయం మాత్రమే అని కూడా గుర్తుంచుకోండి. ఊళ్ళో పదిమంది కలిసి వేస్తే బండెడు కర్ర ఒకేసారి పోతుంది, బేరమూ గట్టిగా సాగుతుంది.

తోటి కార్యకర్తలకు ఒక మనవి. మీ గ్రామంలో ఏ గట్టు మీద ఏ చెట్టు ఉన్నదో పెద్దవారిని వెంటబెట్టుకుని తిరిగి ఒక పట్టిక రాయండి. చెట్లకు ఊరి పేర్లు వారికే తెలుసు. మంచి తల్లి చెట్లను గుర్తించి గింజలు కోయించండి. బొమ్మలు చేసేవారిని ఒక్కసారి రైతుల దగ్గరకు తీసుకురండి. ఎంత మందం కావాలి, ఎంత పొడవు కావాలి, ఎంత ఇస్తారు అన్నది వారూ వారూ తేల్చుకోనివ్వండి.

రైతు సోదరులారా, ఈసారి గట్టు శుభ్రం చేస్తూ కత్తి ఎత్తినప్పుడు ఆ చెట్టు ఆకు ఒకటి తుంచి చూడండి. పాలు కారి, జంట కాయలు కొనల దగ్గర కలిసి ఉంటే ఆ చెట్టును మొదలంటా పెరికివేయకండి, పొయ్యిలో పెట్టకండి. పద్ధతిగా పెంచండి. మీ గట్టు మీది కొమ్మ ఒక పనివాడి ఇంట పొయ్యి వెలిగిస్తుంది, మీ చేతికి నాలుగు రూపాయలు ఇస్తుంది. సెలవు.