ఓటు ఎవరూ దానం చేయలేదు
(కౌలు రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనకు పద్దెనిమిదేళ్లు నిండితే ఓటు వస్తుంది. పరిశ్రమలు అందరికంటే ముందు పెరిగిన ఇంగ్లాండులో అదే ఓటు పొలంలో పనిచేసేవాడి దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఎందుకు పట్టిందో, చివరికి ఎలా వచ్చిందో మనం తెలుసుకోవాలి.

1832కు ముందు అక్కడి పార్లమెంటు భూస్వాముల చేతిలో ఉండేది. జనం లేని ఓల్డ్ సారమ్ అనే పాత దిబ్బకు ఇద్దరు సభ్యులు. నూలు మిల్లులతో కిక్కిరిసిన మాంచెస్టర్‌కు ఒక్కరూ లేరు. 1819లో ఆ ఊళ్లో ఓటు అడగడానికి వేలమంది చేరితే గుర్రపు దళాన్ని మీదికి తోలారు. జనం చచ్చారు గానీ కోరిక చావలేదు. 1830లో పల్లెల్లో కూలీలు నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. కొంతైనా ఇవ్వకపోతే మొత్తం పోతుందని దొరలకు భయం పట్టుకుంది.

1832లో చట్టం వచ్చింది. ఎవరికి మేలు చేసింది? పట్టణంలో 10 పౌండ్ల అద్దె విలువ చేసే ఇంటివాడికి, పల్లెలో 50 పౌండ్ల కౌలు కట్టే పెద్ద కౌలుదారుకు. మిల్లు యజమానిని తమవైపు తిప్పుకున్నారు, మిల్లు కార్మికుణ్ణీ వ్యవసాయ కూలీనీ బయటే ఉంచారు. పైగా ఓటు అందరి ముందూ నోటితో చెప్పాలి. దొరకు ఎదురు చెబితే భూమి పోతుంది. అందుకే ఓటు కౌలుదారుది, పెత్తనం దొరది.

1834లో టోల్‌పడిల్ గ్రామంలో కూలి తగ్గించారని సంఘం పెట్టుకున్న ఆరుగురు కూలీలను ఆస్ట్రేలియాకు ప్రవాస శిక్షకు పంపారు. 1842లో చార్టిస్టులు 30 లక్షలకు పైగా సంతకాలతో ఇచ్చిన అర్జీని పార్లమెంటు తోసిపుచ్చింది. అయినా జనం వదల్లేదు. 1867లో పట్టణ కార్మికులకు ఓటు దక్కింది, 1872లో రహస్య ఓటింగు వచ్చింది. అదే ఏడాది జోసెఫ్ ఆర్చ్ అనే కూలీ ముందు నిలబడి వ్యవసాయ కూలీలకు దేశవ్యాప్త సంఘం కట్టాడు. 1884లో పల్లె కూలీలకూ ఓటు వచ్చింది. 1885లో ఆర్చ్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు రావడానికి మాత్రం 1928 దాకా ఆగాల్సి వచ్చింది.

పరిశ్రమలు జనాన్ని ఒకచోట చేర్చాయి. అంతమాత్రాన ఓటు రాలేదు. సంఘం కట్టినచోటే పాలకులు దిగివచ్చారు. భయం తొలగినప్పుడే ఆ ఓటు పనికొచ్చింది.

ఇప్పుడు మన సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. హక్కు కౌలుదారుది, తాళం చెవి యజమాని చేతిలో. సాగు చేసేదెవరో ఊరందరికీ తెలుసు కాబట్టి గ్రామసభే కౌలుదారును గుర్తించాలని మనం అడుగుతున్నాం. ఒక్కడు అడిగితే మరుసటి ఏడు భూమి దక్కదు. ఊరంతా కలిసి అడిగితే ఎవరిని తీసేస్తారు? వచ్చే గ్రామసభకు కౌలు రైతులందరం కలిసే వెళ్దాం.