అమ్ముడుపోని పతకము

యుద్ధరంగమున ఒక్క రాత్రి చూపిన సాహసమును లోకము వెంటనే మెచ్చుకొనును. ఆ రాత్రి గడచిన పిమ్మట ఆ వీరుడు దశాబ్దముల తరబడి సంసారమెట్లు ఈదెనో విచారించువారు తక్కువ. ఉమ్రావ్ సింగ్ జీవితమున ఈ రెండవ భాగమునకును తక్కువ విలువ లేదు.

ఆయన 1920లో పాల్రా గ్రామమున జన్మించెను. నాడది పంజాబులోని రోహతక్ జిల్లాలోనిది. నేడు హర్యానాలోని ఝజ్జర్ జిల్లాకు చెందినది. 1939లో, ప్రపంచయుద్ధము మొదలైన యేటనే, ఆయన సైన్యమున చేరెను.

1944 డిసెంబరు 15, 16 తేదీలలో బర్మాలోని కలదాన్ లోయలో ఆ ఘట్టము జరిగినది. అప్పటికాయన హవల్దారు; ఒక ఫిరంగికి నాయకుడు. పశ్చిమ ఆఫ్రికా సైనికులకు అండగా ఆ ఫిరంగిని ముందు వరుసలో నిలిపియుంచిరి. జపానువారు గంటన్నరసేపు గుండ్లు కురిపించి, కనీసము రెండు కంపెనీల బలముతో పైబడిరి. తొలి దాడిలోనే రెండు గ్రనేడ్లవలన గాయపడియు ఆయన చోటు విడువలేదు. మరల మరల దాడులు జరిగెను. తుదకు ఇద్దరు తోడివారు మాత్రమే మిగిలిరి, మందుగుండు అయిపోయెను. అప్పుడాయన ఫిరంగిని మోయుటకు వాడు బరువైన ఇనుప కడ్డీని చేతబట్టి శత్రువులతో కలబడెను. ఆరు గంటల తరువాత చూడగా, ఏడు పెద్ద గాయములతో, ఆనవాలు పట్టరాని స్థితిలో, ఆయన ఫిరంగి ప్రక్కనే పడియుండెను. చుట్టును పది మంది శత్రువుల శవములు. ఫిరంగి మాత్రము చెక్కుచెదరలేదు. ఆనాడే మరల ప్రేలెను.

1945లో లండనులో ఆరవ జార్జి ఆయనకు విక్టోరియా క్రాసు నొసగెను. స్వాతంత్ర్యానంతరము ఉమ్రావ్ సింగ్ మన సైన్యమునను పనిచేసెను. భారత ప్రభుత్వము 1983లో పద్మభూషణ బిరుదముతో గౌరవించినది.

కొలువు చాలించి ఆయన చేరినది పుట్టిన ఊరికే. కుటుంబమునకు ఆధారము రెండెకరముల భూమి, కొద్దిపాటి పింఛను. పతకమునకు పెద్ద మొత్తములిచ్చెదమన్నవారు కలరు. అమ్మియుండినచో తప్పుపట్టువారెవ్వరు? బిడ్డల మేలుకోరు తండ్రికి అది తేలికైన పరీక్ష కాదు. కాని అట్లు అమ్ముట యుద్ధమున నేలకొరిగిన తోడివారికి అవమానమని ఆయన నమ్మెను, ఎన్నడును అమ్మలేదు.

అట్లని ఆయన నోరు మూసికొని బాధపడినవాడును కాడు. యుద్ధము ముగిసి 50 ఏండ్లు నిండిన సందర్భమున, 1995లో, లండనుకు వెళ్లి, ప్రధానమంత్రి జాన్ మేజరుతో పింఛను మాట సూటిగా ప్రస్తావించెను. బ్రతికియున్న భారతీయ విక్టోరియా క్రాసు గ్రహీతలకు నాడు ముట్టుచుండినది ఏడాదికి 168 పౌన్లు. అది 1,300 పౌన్లకు పెరిగినది. పతకము అమ్మకపోవుట అభిమానము. పింఛను అడుగుట హక్కు. ఈ రెంటికిని గల భేదమును ఆయన చక్కగా ఎరుగును. ఆయన అడిగినది తన యింటికొరకు మాత్రమే కాదు, తనవంటి వారందరి యిండ్లకొరకును. అయితే అంతకుముందే కన్నుమూసినవారికి ఆ పెంపు అందనే లేదు.

2005 నవంబరు 21వ తేదీన ఉమ్రావ్ సింగ్ మరణించెను. మన పల్లెలలోను అరుగులమీద కూర్చుండు ముదుసలి సైనికులు కలరు. వారి యుద్ధగాథలు వినుట మంచిదే. వారికి పింఛను సరిగా అందుచున్నదా యని కూడ ఒక మాట అడిగినచో మరింత మంచిది.