‘ఇంటికి తీసుకెళ్ళండి’ అన్న తర్వాత

పట్టాలు అందుకున్న నర్సింగ్ పిల్లలూ, మీకు అభినందనలు.

ఇలాంటి రోజున గెలుపు గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం నయం కాని రోగుల గురించి మాట్లాడతాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మీకు ఎదురయ్యేది వాళ్ళే. సిలబస్‌లో వాళ్ళకి దక్కిన పేజీలు మాత్రం తక్కువ.

పెద్దాసుపత్రి వార్డుల్లో రౌండ్స్ అప్పుడు తరచూ వినపడే మాట ఒకటుంది. ‘మా చేతుల్లో ఇంకేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి. ఏం తింటానంటే అది పెట్టండి.’ డిశ్చార్జి కాగితం చేతికొస్తుంది. డాక్టరు గారు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోతారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆ మంచం దగ్గర ఇంకో ప్రాణం ఉంటుంది. కానీ నొప్పి లేస్తే ఏం వేయాలి, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, పుండుకు కట్టు ఎలా కట్టాలి అన్నవేవీ ఆ కాగితంలో ఉండవు. ఇంటివాళ్ళు వరండాలో కాసేపు నిలబడి, చివరికి మీ దగ్గరికొస్తారు. ‘సిస్టరమ్మా, ఇప్పుడెక్కడికి తీసుకుపొమ్మంటావు?’

ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉండాలి. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే.

జవాబు ఉంది కూడా. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో, నయం కాని రోగుల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం ఏళ్ళుగా పనిచేస్తోంది. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ పూనుకుని 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ రోగుల దగ్గర పైసా తీసుకోదు. తెలంగాణ జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, వాటి నుంచి ‘ఆలన’ వాహనాల్లో నర్సులు మంచం పట్టిన వాళ్ళ ఇళ్ళకే వెళ్తారు. ఉత్తరాంధ్ర వాళ్ళకు విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇవన్నీ ఉండి కూడా, ఒక వార్డులో ఉన్న సంగతి పక్క వార్డుకే తెలియదు. ఇక ఊళ్ళో ఉన్న కుటుంబానికి ఎలా తెలుస్తుంది? ఏటా ప్రపంచంలో 5 కోట్ల 68 లక్షల మందికి ఇలాంటి సంరక్షణ అవసరమని, అందులో నూటికి 14 మందికే అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

హాస్పిస్ అంటే చావుకోసం ఎదురుచూసే చోటని చాలామంది అనుకుంటారు. అక్కడ రోజంతా జరిగే పనిలో మాత్రం ఎదురుచూపుకు తీరికుండదు. ఒక పుండు సంగతే తీసుకోండి. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ముదిరితే పుండు పగిలి వాసన వస్తుంది. ఇంటివాళ్ళు మంచం పక్కన ఊదొత్తులు వెలిగిస్తారు. మనవల్ని గడప దగ్గరే ఆపేస్తారు. మంచం వసారాలోకి, అక్కణ్ణుంచి పశువుల కొట్టం పక్కకి జరుగుతుంది. మీరు వెళ్ళి కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ఆ పుండు కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడిచేసి చల్లి, కట్టు కట్టి, ఆ పని కోడలికి నేర్పి రండి. కొద్ది రోజుల్లోనే వాసన తగ్గుతుంది. మంచం మళ్ళీ ఇంట్లోకి వస్తుంది. ఆ మాత్ర ఖరీదు ఒక టీ ఖరీదు కూడా ఉండదు. కోట్ల రూపాయల యంత్రం ముందు ఫొటోలు దిగే మన వైద్యరంగం ఈ మాత్ర ముందు ఎప్పుడూ ఫొటో దిగలేదు.

నొప్పి సంగతి ఇంకా విచిత్రం. నొప్పిని తగ్గించే మార్ఫిన్‌కు మూలమైన గసగసాల పంటను ప్రభుత్వ అనుమతితో పండించే దేశం మనది. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో సర్కారు నల్లమందు ఫ్యాక్టరీలున్నాయి. అయినా 1985లో వచ్చిన మత్తుమందుల చట్టంలోని లైసెన్సుల చిక్కులకు, శిక్షలకు జడిసి చాలా ఆస్పత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి. దొంగ రవాణాను ఆపాలని చేసిన చట్టానికి క్యాన్సర్ రోగులు బలయ్యారు. 2014లో సవరణ వచ్చి అనుమతులు సులువయ్యాయి. భయం మాత్రం ఇంకా పోలేదు. ‘మార్ఫినా? అలవాటైపోదూ?’ అని రోగి కొడుకు అడుగుతాడు, కొన్నిసార్లు మీ సీనియర్ కూడా అడుగుతారు. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో ఇస్తే వ్యసనంగా మారడం అరుదని చెప్పండి. నొప్పి లేచాక కాదు, లేవకముందే నాలుగు గంటలకోసారి వేయాలని చెప్పండి. తోడుగా విరేచనం సాఫీగా అయ్యే మందు రాయించడం మరిచిపోకండి.

ఈ పాలియేటివ్ కేర్ విద్యకు ఆద్యురాలు సిసిలీ సాండర్స్ మొదట నర్సు. వెన్నునొప్పి వల్ల నర్సింగ్ వదులుకుని ఆస్పత్రిలో సోషల్ వర్కరుగా చేరింది, ఆ తర్వాత డాక్టరీ చదివింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబయిలో వచ్చిన శాంతి అవేద్నా సదన్. కేరళలో 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ వంటివాళ్ళు మొదలుపెట్టిన పని పంచాయతీల దాకా పాకింది, 2008లో ఆ రాష్ట్రం దానికో విధానమే తెచ్చింది. అక్కడ టైలర్లు, టీచర్లు, ఆటో డ్రైవర్లు వలంటీర్లుగా రోగుల ఇళ్ళకు వెళ్తారు. మన దగ్గర యువజన సంఘాలకు, మహిళా పొదుపు సంఘాలకు కొదవ లేదు. అడిగేవాళ్ళే లేరు.

చివరి రోజుల్లో ఒక గొడవ తప్పకుండా వస్తుంది. మనిషి నీళ్ళు మింగలేడు. బంధువులు ‘సెలైన్ పెట్టించకుండా కడుపు మాడ్చి చంపుతున్నారు’ అంటారు. ఊళ్ళో ఆర్ఎంపీ బాటిల్ కట్టేస్తాడు. ఆ నీరు కాళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ దిగి ఆయాసం పెరగొచ్చు. శరీరం మూతపడుతున్నప్పుడు ఆకలిదప్పులు తగ్గిపోతాయని, తడి దూదితో పెదాలు తుడుస్తుంటే చాలని బంధువులందరి ముందూ మీరే చెప్పాలి. నర్సు నోటి నుంచి ఆ మాట వస్తే, రాత్రింబవళ్ళు సేవ చేసిన ఆ ఇంటి ఆడమనిషి నెత్తిన జీవితాంతం నింద పడకుండా ఉంటుంది.

పోయాక ఏం జరుగుతుందో మీ అందరికీ తెలుసు. పెద్దకర్మ దాకా ఇల్లు నిండా జనం. భోజనాలయ్యాక బస్సులెక్కేస్తారు. పన్నెండో రోజు నుంచి ఆ ఇంటి వైపు చూసేవాళ్ళుండరు. ‘ఏడవకు, పిల్లల కోసం గుండె రాయి చేసుకో’ అన్న సలహా మాత్రం మిగులుతుంది. మగవాణ్ణయితే అదీ అనరు, ‘పనిలో పడితే అదే సర్దుకుంటుంది’ అంటారు. పిల్లలకు ‘నాన్న ఊరెళ్ళాడు’ అని చెప్తారు. ఊరెళ్ళిన నాన్న ఎప్పుడొస్తాడని వాళ్ళు వీధి వైపే చూస్తుంటారు. ‘నాన్న చనిపోయాడు, ఇక రాడు’ అని చెప్పి దగ్గరికి తీసుకోవడమే వాళ్ళకి మేలు. పాలియేటివ్ కేర్ పని మనిషి పోవడంతో ముగియదు. నెలకో, రెణ్ణెల్లకో ఒకసారి ఆ ఇంటికి వెళ్ళండి, కుదరకపోతే ఫోన్ చేయండి. పోయినాయన పేరెత్తి మాట్లాడండి. వాళ్ళు ఏడిస్తే ఏడవనివ్వండి. ఆరు నెలలు దాటినా తిండీ నిద్రా లేక, బతుకు మీద ఆశ లేకుండా ఉంటే మానసిక వైద్యుడి దగ్గరికి పంపండి. చచ్చిపోవాలనుందన్న మాట వినపడితే ఒక్క రోజు కూడా ఆగకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. అది ఉచితం, ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

పిల్లలూ, మీలో కొందరు రేపే కార్పొరేట్ ఆస్పత్రుల్లో చేరతారు, కొందరు గల్ఫ్‌కీ లండన్‌కీ వెళ్తారు. వెళ్ళండి. ఎక్కడికెళ్ళినా చేరిన మొదటి వారంలోనే అక్కడికి దగ్గర్లో పాలియేటివ్ కేర్ గది ఎక్కడుందో వెతికి పట్టుకోండి. అక్కడి నర్సు ఫోన్ నంబరు రాసుకోండి. మీ ఫార్మసీలో మార్ఫిన్ ఉందా అని అడగండి. లేకపోతే తెప్పించమని సూపరింటెండెంట్ గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, నకలు దగ్గర ఉంచుకోండి, నెల తర్వాత మళ్ళీ అడగండి.