యార్క్‌షైరు లోయలలో సైకిలు పందెము

ఫ్రాన్సుదేశమున 1903వ సంవత్సరమున ఒక వార్తాపత్రిక తన ప్రతుల సంఖ్య పెంచుకొనుటకై నెలకొల్పిన సైకిలు పందెమే 'టూర్ డి ఫ్రాన్స్'. అది 2014 జులై 5వ తేదీని ఇంగ్లండునందలి యార్క్‌షైరున ఆరంభమయ్యెను. నాటి దారి లీడ్సునుండి హారోగేటు వఱకు 190 కిలోమీటర్లకు పైబడినది. ఇరుప్రక్కల రాతిగోడలు, పచ్చికబయళ్లు, మేయుచున్న గొఱ్ఱెలు. నడుమ బటర్‌టబ్స్ అను కనుమ. పందెమున ముందున్నవాడు ధరించునది పసుపు అంగీ గనుక, పల్లెవాసులు పాతసైకిళ్లకు ఆ రంగే పూసి గోడలకు వ్రేలగట్టిరి.

ఆంగ్లేయుల యాశ యంతయు మార్క్ కావెండిష్ మీదనే యుండెను. హారోగేటు ఆతని తల్లిగారి యూరు. గమ్యము కనుచూపుమేర నుండగా, సందు లేనిచోట దూరబోయి, సైమన్ గెరాన్సు అను తోటివానితో గూడ నేలగూలెను. జర్మనీవాడగు మార్సెల్ కిట్టెల్ గెలిచెను. భుజము దెబ్బతిని కావెండిష్ మఱునాడు పందెము విడిచెను. అయినను "తప్పు నాదే" యని యొప్పుకొని, గెరాన్సును క్షమాపణ వేడెదననెను.

బడిపంతులుగా నేను చూచినది చెప్పెదను. లెక్క తప్పినప్పుడు పలకను దాచు బాలురే పెక్కుమంది. తానై తెచ్చి చూపువాడు మఱునాడు దిద్దుకొనును. పదియేండ్లకు, 2024లో, కావెండిష్ ఆ పందెముననే తన 35వ దినవిజయము నందెను. అంతకుముందు అన్ని గెలుపులు పొందినవాడు మఱియొకడు లేడు.